పొయ్యి ముట్టించని విందు

ఈ ప్రయాణం చేసి వచ్చి పదమూడేళ్లు దాటింది. ఇన్నాళ్లూ ఎందుకు రాయలేదంటే, నాకప్పుడు రాయడం రాదు. సంతలో గొర్రెను అమ్మినా వేలిముద్రే వేసేదాన్ని. నా మనవరాలు నాలుగో తరగతికి వచ్చిన ఏడాది ఎండాకాలం సెలవులకు మా ఇంటికి వచ్చి, పలక తెచ్చి నా ఒళ్లో పెట్టింది. "అమ్మమ్మా, దినాం రెండక్షరాలు. రాయకుంటే నీకు బువ్వ లేదు" అని ఎదురుగా కూర్చుంది. రెండు వేసవులు పట్టింది. ఉత్తరాలు రాశాను, పద్దులు రాశాను, కానీ మొదటి నుంచి చివరి దాకా ఒక సంగతి రాయడం ఇదే మొదలు. ఆ పిల్లకు ఆ పేరు ఎట్లా వచ్చిందన్నదే ఈ సంగతి.

ఇప్పుడు సూర్యాపేటలో పొద్దున బస్సెక్కితే ఎండ ముదరక ముందే మిర్యాలగూడలో దిగుతారు. అందుకని ఆ దారి మీరు చూసి ఉండరు. మాకు నాలుగు రోజులు పట్టింది.

బయలుదేరిన పని

పోలీసు చర్య అయిన మరుసటి ఎండాకాలం అది. నా కూతురు యాదమ్మకు తొలికాన్పు మా ఇంట్లో కావలసింది. నెల ముందే నొప్పులు రావడంతో మిర్యాలగూడలో అత్తగారింట్లోనే ఆడపిల్లను కన్నది. మాది గొర్లు మేపే ఇల్లు, వాళ్లదీ అంతే. మాలో కాన్పు ఎక్కడైనా సరే, ఇరవై ఒకటో నాడు పిల్లను తొట్టెలలో వేసే విందు మాత్రం తల్లిగారి తరఫుదే. విందు ఎవరు పెడితే పిల్లకు పేరు వాళ్ల వైపుది. ఏ కారణం చేతనైనా ఆ రోజు విందు జరగకపోతే, మూడో నెలలో అత్తగారి వైపు వాళ్లు పెట్టి వాళ్ల పేరు పెట్టుకుంటారు.

యాదమ్మ మా అవ్వ పేరు, అంటే నా తల్లి పేరు, పెట్టమన్నది. సోమక్క. ఎందుకో చెప్పాలి. గొడవల ఏడాది, దాడులకు భయపడి, మా ఊరు ఊరంతా తాళ్లవనంలో దాక్కున్నది. పొయ్యి పెడితే పొగ లేస్తుంది, పొగ లేస్తే జాడ తెలుస్తుంది. ఇరవై రెండు రోజులు నిప్పు లేదు. మా అవ్వ తడి ఇసుకలో కుండ పాతి పెసలు నానేసేది, గుడ్డలో మూటగట్టి మొలకెత్తించేది, చింతపండు పిసికి పచ్చిపులుసు చేసేది, నువ్వులు రాతి మీద నూరి ముద్దలు చేసి పిల్లల చేతిలో పెట్టేది. యాదమ్మతో సహా పదకొండు మంది ఆమె చేతి తిండితో బతికారు. ఊరికి తిరిగొచ్చిన నెలకే మా అవ్వ పోయింది.

ఆమె పేరు నిలబెట్టాలని బయలుదేరాను. నా ఇంటాయన మందను వదిలి రాలేడు. తోడుగా నా తమ్ముడు ఎంకన్న వచ్చాడు. విందుకు కోయడానికి ఒక పొట్టేలు కూడా వచ్చింది.

సూర్యాపేట

ఊరి నుంచి సూర్యాపేటకు నడిచేసరికి పొద్దు వాలింది. ఎంకన్న వాసన పట్టుకుంటూ తిన్నగా ఒక హోటలు ముందర నిలబడ్డాడు. లోపల పెద్ద పళ్లెంలో రొట్టెలు, పక్కన ఖీమా.

"అక్కా, జర గీడ కూసుందాం."

"నా దగ్గర మూట ఉంది" అన్నాను. తాళ్లవనం నుంచి నాకు అబ్బిన అలవాటు అది. ఎక్కడికి పోయినా పొద్దున నానేసిన పెసలు తడిగుడ్డలో కట్టుకుని పోతాను. సాయంత్రానికి ఉప్పు, ఒక పచ్చిమిరపకాయ, నిమ్మచెక్క కలిపితే కడుపు నిండుతుంది. ఇంటి బయట పొయ్యి వెతుక్కోవలసిన పని ఉండదు.

ఎంకన్న మూట విప్పి చూసి మూతి తిప్పాడు. "పొట్టేలుకు పెట్టేది నాకు పెడుతున్నవ్, నన్ను గూడ పొట్టేలును చేస్తవ్."

హోటలు గల్లా దగ్గర కూర్చున్న ముసలి సాయబు ఇది విని నవ్వాడు. "అమ్మా, గా పిలగాన్ని పరేషాన్ జెయ్యకు. గీడ తినమను. నువ్వు మాత్రం గదేందో జర నాకు సూపియ్" అన్నాడు. పిడికెడు తీసి ఆకులో పెట్టి ఇచ్చాను. నమిలి చూసి, రంజాను దినాల్లో వాళ్లింట్లో కూడా ఇట్లాగే నానేసిన శనగలు తింటారని చెప్పి, బదులుగా నా కొంగులో గుప్పెడు ఖర్జూరాలు పోశాడు. ఎంకన్న దగ్గర మాత్రం రొట్టెకూ ఖీమాకూ మూడణాలు తీసుకున్నాడు.

బస్సులో పొట్టేలు

మర్నాడు కోదాడ బస్సు. తిన్నగా మిర్యాలగూడ దారి పట్టక కోదాడ ఎందుకు పోయామని అడుగుతారు. తొట్టెల కింద ఐదు కొబ్బరికాయలు పెట్టాలి. మా వైపు కొబ్బరికాయ అంటే దేవుడి ముందర కొట్టేదే, కొన్నాళ్లు దొరికేదే కాదు. కోదాడకైతే కింది నుంచి, అంటే కోస్తా వైపు నుంచి, బండ్ల మీద వస్తాయి.

పొట్టేలుకు టికెట్టు కావాలన్నాడు కండక్టరు.

"టికెట్ తీస్కుంటం. సీటిస్తవా?" అన్నాడు ఎంకన్న.

"మీద కట్టెయ్."

"మీద ఎండకు సస్తది. సచ్చిన పొట్టేలుతోని తొట్టెల పండుగ చెయ్యాల్నా?"

చివరికి సగం టికెట్టుకు ఒప్పందం కుదిరి, పొట్టేలు మా కాళ్ల మధ్య నిలబడింది. నా పెసల మూటను కిటికీ చువ్వకు కట్టాను. గాలికి చల్లగా ఉంటుందని నా లెక్క. మూట నుంచి నీళ్లు కారి వెనక కూర్చున్న ఒక పెద్దమనిషి తెల్లచొక్కా మీద పడ్డాయి. అతను వానొస్తున్నదేమోనని ఆకాశం చూశాడు. ఎండాకాలం నడిమధ్యలో వాన ఏమిటని పక్కవాళ్లను అడిగాడు. నేను తల తిప్పి మూటను ఒళ్లోకి తీసుకున్నాను. దిగేదాకా ఆయన మొహం చూడలేదు.

కోదాడలో కొత్తిమీర మడి

కోదాడలో దిగగానే మాట మారుతుంది. మనం "గీడ" అంటే వాళ్లు "ఇక్కడ" అంటారు. కొబ్బరికాయల బండివాడు మా నిజాం హాలీ రూపాయిని అటూ ఇటూ తిప్పి చూసి, "కల్దారైతే కాయ రెండణాలండీ, ఇదైతే రెండున్నర" అన్నాడు. కల్దారంటే ఇంగ్లీషువాళ్ల రూపాయి. మేము బేరం ఆడుతూండగా ఎంకన్న చేతిలోంచి పలుపు జారింది. పొట్టేలు పక్క సందులో దూరింది. మేము పోయేసరికి ఒక పెంకుటింటి దొడ్లో కొత్తిమీర మడి సగం తినేసి, మిగతా సగం తొక్కుతున్నది.

ఇంట్లోంచి ఒక పెద్ద ముత్తైదువ వచ్చింది. నేను చేతులు జోడించాను. "అమ్మా, తప్పైంది. ఏం పని చెప్పినా చేసి పోతం."

ఆమె పొట్టేలును చూసింది, మమ్మల్ని చూసింది. "పనా? అయితే రండి. కొబ్బరి తురమాలి. నా చేతులు పడిపోతున్నాయి" అన్నది.

ఆమె పేరు సుభద్రమ్మ. ఆమె భర్త బడిపంతులుగా చేసి మానుకున్నాడు. కడుపులో పుండై, ఏ మందుకూ తగ్గక, ఎవరో ప్రకృతి వైద్యం చెప్పగా ఆరేళ్లుగా పొయ్యి మీదికి ఎక్కింది ఏదీ ముట్టడం లేదట. పాలు కూడా తాగడు. అరుగు మీద కూర్చుని మాకు పాఠం మొదలుపెట్టాడు. "చూడండమ్మా, పాలు దూడ నోటి దగ్గరివి. మనకెందుకు?"

పాలు పితికి బతికే మనిషికి ఆ మాట రుచించలేదు. "మా గొర్రెపిల్లలు తాగినంకనే పితుకుతం పంతులుగారూ" అన్నాను. ఆయన పొట్టేలు వంక చూస్తూ, "దాన్ని అడగండి" అన్నాడు.

"ఆయన మాటలకేం గానీ" అన్నది సుభద్రమ్మ లోపలి నుంచి. "ఆయన పచ్చివి తింటారు. నేను శుభ్రంగా వండుకుంటాను. ఆరేళ్ల నుంచి ఇంట్లో రెండు వంటలు. ఒకటి నిప్పుతో, ఒకటి ఒంట్లో ఉన్న బలంతో."

అక్కడ నేను మొదటిసారి కొబ్బరిపాలు చూశాను. తురిమిన కొబ్బరిలో నీళ్లు చల్లి, నూరి, పలుచని గుడ్డలో వేసి పిండితే తెల్లగా పాలు కారాయి. అచ్చం గొర్రెపాల చిక్కదనం. అందులో గింజ తీసి నానేసిన ఖర్జూరాలు మెదిపి, తాటిముంజలు ముక్కలు చేసి వేసి, గిన్నెను తడి ఇసుకలో ఉంచింది. గడియ ఆగి నాకొక గిన్నె ఇచ్చింది. ఎండన పడి వచ్చిన నోటికి అది ఎట్లా ఉందో నాకు చెప్పడం రాదు. ఎంకన్న మూడు గిన్నెలు తాగాడు.

"బెల్లం వేస్తే ఇంకా తీపిగుంటది గదమ్మా" అన్నాను.

పంతులు అరుగు మీంచి కేక వేశాడు. "బెల్లం నిప్పు మీద కాగిందమ్మా. అది వంటే."

సుభద్రమ్మ నా చెవి దగ్గరకు వచ్చి, "నేను వేస్తూనే ఉంటాను. ఆయనకు తెలీదు" అన్నది.

నా మనసు యాదమ్మ మీదికి పోయింది. మాలో పురుడు వెళ్లేదాకా, అంటే ఇరవై ఒకటో రోజు విందు ముగిసేదాకా, ఆ ఇంట్లో ఎవరూ పాలు ముట్టరు. ముడితే మందకు కీడు అంటారు. పాలు గల ఇంట పుట్టి, బాలింత అయి, ఇన్ని రోజులుగా పాలచుక్క లేకుండా ఉన్నది నా బిడ్డ. ఈ పాలైతే తాగవచ్చు కదా అనుకున్నాను. తొట్టెలకు ఐదు కాయలు కొనవలసినదాన్ని, ముప్పై కొన్నాను. ఎంకన్న గోనెసంచి ఎత్తి నడుం పట్టుకున్నాడు. పోయేముందు మడి అంతా తవ్వి, ధనియాలు చల్లి, నీళ్లు పోసి వచ్చాను.

బండి దారి

అక్కడి నుంచి ఎడ్లబండి. బండి తోలే అతను పాలకీడు మనిషి. అతనికి మాటకు ముందర పాట, పాటకు ముందర చుట్ట. చుట్ట కాల్చవద్దని దారిలో ప్రతి ఊళ్లోనూ ఎవరో ఒకరు అతన్ని కేకలేశారు. గాలి అట్లా ఉంది. పడమటి నుంచి వేడిగా, ఆగకుండా, కళ్లలో దుమ్ము కొట్టుకుంటూ. హుజూర్‌నగర్ దాటాక ఒక చోట రోడ్డుపక్క వాడలో ఇండ్ల వరుస కాలి నల్లగా మొండిగోడలు మిగిలాయి. ఒక ముసలామె బూడిదలోంచి ఇత్తడి చెంబు తీసి తుడుచుకుంటున్నది. బండాయన చుట్టను ఆర్పి చెవి మీద పెట్టుకున్నాడు. మళ్లీ మిర్యాలగూడ దాకా ముట్టించలేదు.

బండెక్కిన రెండో రోజు మధ్యాహ్నం తాటితోపులో ఆగాం. గీత పని చేసే ఒకతను గెలలు దించుతున్నాడు. మా పెసలు ఒక దోసిలి అతనికిస్తే గెల నిండా ముంజలు మాకిచ్చాడు. ఇంకో నాలుగు గెలలు బేడకు, అంటే రెండణాలకు, ఇచ్చాడు. ముంజ లోపలి నీళ్లు చిందకుండా బొటనవేలుతో ఎట్లా తీయాలో చూపించాడు. మేము మా ఊళ్లో చెక్కి తింటాం, వీళ్లు గుచ్చి తాగుతారు. వీళ్ల పద్ధతే మేలు.

మిర్యాలగూడలో డప్పు

నాలుగో రోజు పొద్దుగూకే వేళకు యాదమ్మ ఇల్లు చేరాం. ఊరి అంచున గడ్డి కప్పుల వాడ. పిల్ల నల్లగా, నిండుగా, ముడుచుకున్న పిడికిళ్లతో మా అవ్వలాగే ఉంది. ఆ రాత్రే కొబ్బరి దంచి పాలు పిండి యాదమ్మకు ఇచ్చాను. తాగి గిన్నె అడుగు వేలుతో తుడుచుకుంది.

మర్నాడు తెల్లవారగానే వాడలో డప్పు వినిపించింది. "గాలి తగ్గేదాక ఏ ఇంట్ల పొయ్యి ముట్టియ్యొద్దు. దీపం పెట్టొద్దు. చుట్ట తాగొద్దు. తప్పినోళ్లకు జుర్మానా." గాలి ఎక్కువైన ఎండాకాలంలో ఇట్లా చాటించడం మామూలే. మా ఊళ్లోనూ ఉంది. కానీ రేపు పగటికి నలభై మంది చుట్టాలు హాలియా నుంచి వస్తున్నారు.

ఎంకన్న ఊరి పెద్ద దగ్గరికి పోయి చేను మధ్యలో వండుకుంటామని అడిగాడు. చేలో జొన్నకొయ్య ఎండి ఉంది, అది అంటుకుంటే వాడ మిగలదని ఆయన పంపేశాడు. రాత్రి వండుదామంటే రాత్రీ అదే గాలి.

నా వియ్యపురాలు లచ్చమ్మ వాకిట్లో చాప మీద కూర్చుంది. పొడుగ్గా, గట్టి గొంతుగల మనిషి. చెడ్డది కాదు. మాట మాత్రం ముందుగా వస్తుంది.

"వదినె, ఏం జేస్తం. దేవుడు గిట్ల రాసిపెట్టిండు. మూడో నెలల మేమే పెట్టుకుంటం. మా అత్త మల్లమ్మ పేరు పెట్టుకుంటం" అన్నది. ఆ గొంతులో విచారం లేదు.

యాదమ్మ పిల్లను ఒళ్లో వేసుకుని నా మొహం చూసింది.

"వాయిదా ఎందుకు వదినె" అన్నాను. "విందు రేపే."

"పొయ్యి లేకుంట?"

"పొయ్యి లేకుంటనే."

లచ్చమ్మ పకపకా నవ్వింది. పక్కింటివాళ్లను కూడా పిలిచి చెప్పింది. "ఇనుండ్రి. మా వదినె రేపు మీకందరికి గడ్డేస్తదట. తినేటందుకు తొట్లు తెచ్చుకోండ్రి."

"గడ్డి కాదు వదినె. నీకు రెండోసారి కావాల్నంటే అడగాలె, ఊకె పెట్ట" అన్నాను. అన్నాక నాకే భయమేసింది. పదకొండు మందికి పెట్టిన చెయ్యి నాది కాదు, మా అవ్వది. నాకు నలభై మంది లెక్క తెలియదు.

నానిన పెసలు

అన్నం లెక్కన కొలిచాను. మనిషికి ఇన్ని అని ఎనిమిది మానికలు పెసలు నానేశాను. నానింది మొలకెత్తాక ఎంత అవుతుందో ఇంట్లోవాళ్ల వరకే తెలిసినదాన్ని. సాయంత్రానికి గంగాళం నిండింది. గుడ్డల్లో కట్టడానికి ఇంట్లో గుడ్డలు చాలలేదు. ఎంకన్న తలపాగా, యాదమ్మ పాతచీర, చివరికి లచ్చమ్మ కొత్త దుప్పటి. వాసానికి వేలాడగట్టిన మూటలు చూసి చుట్టుపక్కల ఆడవాళ్లు గుంపుగా వచ్చారు. పొయ్యి లేదు కాబట్టి ఎవరికీ పని లేదు. చూస్తూ నిలబడ్డవాళ్లను కూర్చోబెట్టి తలా ఒక పని చెప్పాను.

ఒకరు దోసకాయలు తరిగారు. ఒకరు మామిడికాయలు తురిమారు. రోలు దగ్గర ఇద్దరు నువ్వులు దంచుతూ బెల్లం వేస్తుంటే లచ్చమ్మ వచ్చి నిలబడింది.

"బెల్లం నిప్పు మీద కాగిందేనాయె. నీ మాట తప్పింది వదినె."

నాకు పంతులు గొంతు గుర్తొచ్చింది. "అది యాడనో కాగింది. నీ వాడల కాదు" అన్నాను. రోలు దగ్గరివాళ్లు రోకళ్లు ఆపి నవ్వారు. లచ్చమ్మ కూడా నవ్వు ఆపుకుంటూ ఒక ముద్ద నోట్లో వేసుకుని వెళ్లింది. కొంచెం సేపటికి మళ్లీ వచ్చి ఇంకొకటి తీసుకుంది. అడగలేదు కాబట్టి నేను లెక్కలోకి తీసుకోలేదు.

తెల్లారేసరికి ప్రతి పెసరగింజకూ తెల్లటి తోక వచ్చింది. నాకు సగం ప్రాణం లేచొచ్చింది.

హాలియా పెద్దాయన

పగటికి చుట్టాలు వచ్చారు. అందరిలోకీ పెద్ద, లచ్చమ్మకు బావ వరస, హాలియా పెద్దాయన. ఆయన తింటే అందరూ తిన్నట్టు. ఆయన లేస్తే అందరూ లేస్తారు, విందు చెడినట్టు లెక్క.

మోదుగాకు విస్తళ్లు పరిచాం. మొలకెత్తిన పెసల్లో మామిడి తురుము, కొబ్బరి, పచ్చిమిరప, ఉప్పు. దోసకాయ ముక్కల మీద దంచిన నువ్వుల పొడి. ఉల్లిగడ్డ వేసి పిసికిన పచ్చిపులుసు. నానబెట్టి దంచిన బియ్యప్పిండిలో బెల్లం కలిపి చేసిన చలిమిడి. నువ్వుల ముద్ద. మొదట ఎవరూ చెయ్యి పెట్టలేదు. పెద్దాయన పెసలు ఒక పిడికెడు నోట్లో వేసుకున్నాడు. నమిలాడు. చాలా సేపు నమిలాడు. తరువాత పచ్చిపులుసు ఆకులో పోయమని వేలితో చూపించాడు. నలభై చేతులూ ఒక్కసారి కదిలాయి. ఆ తరువాత వాకిట్లో నమిలే చప్పుడు తప్ప ఏమీ లేదు. గుడిసె పక్కన కట్టేసిన పొట్టేలు దోసతొక్కలు తింటూ అదే చప్పుడు చేస్తున్నది.

చివరికి గిన్నెల్లో ముంజలు వేసి కొబ్బరిపాలు పోసుకుంటూ వచ్చాను. పెద్దాయన గిన్నె చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"పురిటింట పాలు పోస్తున్నవా చెల్లె?"

తాగబోతున్నవాళ్లు గిన్నెలు కింద పెట్టారు.

"పాలు గావన్నా. కొబ్బరివి."

"నాకు డెబ్బై ఏండ్లు. గొర్రెపాలు నాకు తెల్వయా? కొబ్బరికాయల నీళ్లుంటయి. పాలుంటయా? నా మంద ఏం గావాలె?" ఆయన ఒక కాలు కూడదీసుకుని లేవబోయాడు. పక్కవాళ్లు కూడా కదిలారు. ఆయన తప్పు కాదు. కొబ్బరిని కొట్టి దేవుడికి పెట్టడమే చూసిన మనుషులం. నాలుగు రోజుల క్రితం చెబితే నేనూ నమ్మేదాన్ని కాదు.

"అన్నా, ఒక్క గడియ కూసో. నీ ముందరనే పిండుత. పాలని తేలితే ముందుగాల నేనే లేస్త."

కొబ్బరికాయలు అయిపోయాయి. తొట్టెల కింద పెట్టిన ఐదే మిగిలాయి. వంగి ఒకటి తీశాను.

"గవి తొట్టెలయి" అన్నది లచ్చమ్మ.

"తొట్టెలల్ల పండబోయేదాని కోసమే."

ఆయన ఎదుటే కాయ కొట్టాను. నీళ్లు చెంబులోకి పట్టి ఆయన చేతికిచ్చాను. చిప్పలోంచి కొబ్బరి తీసి రోట్లో వేశాను. దంచాను. లచ్చమ్మ వచ్చి రెండో రోకలి అందుకుంది. ఇద్దరం దంచాం. గుడ్డలో వేసి ఆయన గిన్నె మీదనే పట్టి పిండాను. మొదట ఏమీ రాలేదు. ఇంకోసారి మెలిపెట్టాను. తెల్లగా, చిక్కగా ధార పడింది.

వెనకవాళ్లు మెడలు చాచి చూశారు. పెద్దాయన వేలు ముంచి నాకాడు. గిన్నె ఎత్తి తాగాడు. దించి, మీసం తుడుచుకుని, "గొర్రె లేకుంట పాలు పిండిన మనిషిని ఇయ్యాలనే సూసిన" అన్నాడు. మళ్లీ సర్దుకుని కూర్చుని గిన్నె చాచాడు.

నలభై మంది రెండోసారి పెట్టించుకున్నారు. లచ్చమ్మ చివరి వరసలో కూర్చుని, ఎటో చూస్తూ, "వదినె, ఇంక జర పెసలు" అన్నది. దోసిలి నిండా వడ్డించాను. అందరూ విన్నారు, అది చాలు.

పిల్లను తొట్టెలలో వేశారు. మేనత్త వంగి చెవిలో మూడుసార్లు పేరు చెప్పింది. సోమక్క, సోమక్క, సోమక్క. యాదమ్మ అప్పుడు ఏడ్చింది. కోయడానికి తెచ్చిన పొట్టేలును పెద్దాయన తానే విప్పి, దాని నుదుట పసుపు రాసి, "గీ పొట్టేలు పిల్లది. దీన్ని ఎవ్వలు కొయ్యొద్దు" అన్నాడు. సోమక్క మందకు అదే మొదలు.

మర్నాడు పొద్దున

తెల్లవారుజామున గాలి పడిపోయింది. డప్పు మళ్లీ తిరిగింది, ఇక పొయ్యిలు ముట్టించుకోవచ్చని. నేను వాకిట్లోకి వచ్చేసరికి లచ్చమ్మ ఒక తడిమూట చేతిలో పట్టుకుని నిలబడి ఉంది. "వదినె, గింతసేపు నానితే సాల్తదా? తోక ఇంక రాలె" అన్నది. పొద్దుగూకేదాకా ఆగమన్నాను. పక్కింట్లో కూడా ఎవరో పెసలు కడుగుతున్నారు. వాడలో ఒక్క పొయ్యీ ముట్టలేదు.

ఎంకన్న గోడకానుకుని దిగాలుగా కూర్చున్నాడు. "అక్కా, వీళ్లందరిని సెడగొట్టినవ్. నాకు ఉడుకుడుకు అంబలి ఎవ్వలు పోస్తరు?"

నిజం చెప్పాలంటే నాకూ అంబలి మీదే ప్రాణం పోతున్నది. వాకిట్లో మూడు రాళ్లు పెట్టాను. కుండలో నీళ్లు పోసి జొన్నపిండి కలిపాను. చిదుగులు పేర్చి నిప్పు ముట్టించాను. అవి పచ్చిగా ఉన్నట్టున్నాయి, దట్టంగా పొగ లేచింది. చెయ్యి తాళ్లవనం నాటి అలవాటు కొద్దీ నీళ్ల చెంబు మీదికి పోయింది, ఆర్పేద్దామని. పోయిన చేతిని వెనక్కి తెచ్చుకున్నాను. ఇంట్లోకి పోయి సోమక్కను ఎత్తుకొచ్చి ఒళ్లో వేసుకున్నాను. గొట్టం అందుకుని, పొగ ఊరంతా కనబడేటట్టు పొయ్యి ఊదాను.